ఆర్మీ ఫిజికల్‌కి బరువు తగ్గుతున్నారా? బలం పోకుండా తగ్గండి

సైన్యంలో చేరాలనుకుని, తీరా కాటా ఎక్కి చూసుకుంటే ఎనిమిదో పదో కిలోలు ఎక్కువ తేలి, పరీక్షకి ఇంకెన్ని వారాలుందో లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇలాంటప్పుడు చాలామంది మొదటిరోజే తిండి సగానికి సగం కోసేస్తారు, మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రమూ పరుగు మొదలుపెడతారు. మూడు వారాలకి బరువు తగ్గుతుంది, కాదనను. కానీ అప్పటికి కాళ్ళు పీకేస్తుంటాయి, ఇంతకుముందు నాలుగు పులప్స్ తీసినవాళ్ళకి రెండు కూడా రావు, పరుగు టైము తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. కాటా దగ్గర పాసై ట్రాక్ మీద ఫెయిలైతే ఆ తగ్గిన బరువు ఎందుకు పనికొచ్చినట్టు? మీ ముందున్నవి రెండు పరీక్షలు. కొవ్వు తగ్గాలి, బలం తగ్గకూడదు. తిండి, పరుగు, నిద్ర అన్నీ ఈ లెక్కలోనే చూసుకోవాలి.

మొట్టమొదట మీరు దరఖాస్తు పెట్టే విభాగం అధికారిక నోటిఫికేషన్ తెరిచి, ఏం కొలుస్తారో మీ కళ్ళతో చదవండి. ఎవరో చెప్పినదాన్నీ, ఎప్పటిదో వీడియోలో విన్నదాన్నీ నమ్ముకోవద్దు. కొన్ని చోట్ల ఎత్తునీ వయసునీ బట్టి బరువు పట్టిక ఉంటుంది, కొన్ని చోట్ల బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) చూస్తారు, కొన్ని చోట్ల పట్టిక దాటినవాళ్ళకి టేపు పెట్టి చుట్టుకొలత తీస్తారు. రూల్స్ మారుతుంటాయి కూడా. మగవాళ్ళకి మెడా పొట్టా రెండూ కొలిచే పాత పద్ధతిని అమెరికా సైన్యం 2023లో మార్చి, బొడ్డు దగ్గర ఒక్కచోటే కొలిచే పద్ధతి పెట్టింది. పరుగు దూరం కూడా అందరికీ ఒకటి కాదు, అమెరికా సైన్యంలో రెండు మైళ్ళు, భారత సైన్యం అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు. మీ దూరమెంత, కటాఫ్ టైమెంత, మీ ఎత్తుకి ఎన్ని కిలోల వరకూ ఒప్పుకుంటారు, ఈ మూడూ కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. కండలు బాగా ఉండి బరువెక్కువ ఉన్నవాళ్ళయితే మినహాయింపుల గురించి ఏం రాశారో కూడా చూడండి, ఆ పేరా చదవకుండానే కంగారుపడి కండ కరిగించుకునేవాళ్ళున్నారు.

బీఎంఐ లెక్క తేలికే. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ అదే ఎత్తుతో భాగించాలి. 172 సెంటీమీటర్ల ఎత్తూ 84 కిలోల బరువూ ఉన్న మనిషికి 28.4 వస్తుంది. మీ నోటిఫికేషన్‌లో హద్దు 25 అనుకుంటే, దాని లోపుకి రావడానికి 74 కిలోల కిందికి దిగాలి. అంటే పది కిలోలు. మిగతా లెక్కలన్నీ ఈ 84 కిలోల మనిషి మీదే చూద్దాం.

కండ పోకుండా, పరుగు దెబ్బతినకుండా తగ్గాలంటే వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం మించకూడదు. 84 కిలోలకి అది వారానికి 400 నుంచి 800 గ్రాములు. పది కిలోలకి తక్కువలో తక్కువ మూడు నెలలు, నిదానంగా వెళ్తే ఐదారు నెలలు. ఇప్పుడు క్యాలెండర్ చూసుకోండి. పరీక్షకి ఆరు వారాలే ఉండి పది కిలోలు దిగాలంటే, నా సలహా ఒక్కటే: వయసు హద్దు ఒప్పుకుంటే ఈ విడత వదిలేసి వచ్చే విడతకి పూర్తిగా తయారై వెళ్ళండి. ఇది చాలామందికి నచ్చదని తెలుసు. అయినా ఆరు వారాల్లో పది కిలోలు దిగినవాళ్ళు పరీక్ష రోజున ఏ స్థితిలో నిలబడతారో ఆలోచించి చెప్తున్నాను. నాలుగు కిలోలే తగ్గాలంటే ఆరు వారాలు సరిపోతాయి.

కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలుంటాయి. రోజుకి ఒంటికి కావల్సినదానికన్నా 500 క్యాలరీలు తక్కువ తింటే వారానికి 3,500, అంటే దాదాపు 450 గ్రాముల కొవ్వు. అంతకంటే మరీ లోతుగా కోస్తే ఒళ్ళు కండని కూడా కరిగించుకోవడం మొదలుపెడుతుంది, పైగా మీరు రోజూ శిక్షణ చేస్తున్నారు కాబట్టి ఆ దెబ్బ మామూలు మనిషికన్నా మీకే ముందు తగులుతుంది. మొదటి వారంలో కాటా ఒక్కసారిగా రెండు కిలోలు తక్కువ చూపిస్తే పొంగిపోవద్దు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం తరుగుతున్నప్పుడు దాంతో పాటు నిలవుండే నీరు కూడా పోతుంది. అది కొవ్వు కాదు. రెండో వారం వేగం తగ్గిందని నిరుత్సాహపడి ఇంకా కోసేయడం వల్లే చాలామంది ఇరుక్కుంటారు.

అందుకే బరువు చూసుకునే పద్ధతి సరిగ్గా ఉండాలి. పొద్దున్నే లేచి, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చాక, నీళ్ళు కూడా తాగకముందు, రోజూ అదే కాటా, అదే చోట. ఒక వారం అంకెలు ఇలా వచ్చాయనుకోండి: 83.9, 84.3, 83.6, 83.8, 84.4, 83.5, 83.4. ఐదో రోజు 84.4 చూసినవాళ్ళు, ఇంత కష్టపడితే పెరిగానేంటి అని ఆ రోజు తిండి మానేస్తారు. నిజానికి ముందురోజు రాత్రి ఉప్పు కాస్త ఎక్కువ తిన్నా, కాళ్ళ వ్యాయామం గట్టిగా చేసినా నీరు నిలిచి అంత తేడా వస్తుంది. ఏడూ కలిపి ఏడుతో భాగిస్తే 83.8. వచ్చే వారం సగటు 83.3 వస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు, మధ్యలో ఏ రోజు ఏం చూపించినా సరే. దాంతో పాటు వారానికోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి. మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా, టేపు నేలకి సమాంతరంగా ఉండేలా. బరువు కదలకపోయినా నడుము తగ్గుతోందంటే కొవ్వు పోతున్నట్టే.

ఇక తిండి. ఏం మానేయాలన్నదానికన్నా ఏం తగ్గకూడదన్నది ముందు చెప్తాను. ప్రోటీన్ తగ్గకూడదు. మీరు చేరాలనుకునే బరువుకి కిలోకి 1.6 నుంచి 2 గ్రాముల చొప్పున వేసుకోండి, 74 కిలోలకి రోజుకి 120 నుంచి 150 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వండిన వంద గ్రాముల కోడి రొమ్ము మాంసంలో 30 గ్రాములు, వండిన వంద గ్రాముల పప్పుల్లో 9 గ్రాముల దాకా ఉంటుంది. మాంసం తిననివాళ్ళకి ఇది కొంచెం కష్టమే, పప్పు ఒక్కదాంతోనే 120 గ్రాములు రాబట్టాలంటే అది మోయలేనంత తిండి అవుతుంది, కాబట్టి పాలు, పెరుగు, సోయా, కావాలంటే ప్రోటీన్ పౌడరు కలుపుకోవాలి. మొత్తం ఒక్కపూటే కాకుండా మూడు నాలుగు పూటలకి పంచుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు.

పిండిపదార్థాలని పూర్తిగా మానేయడం ఈ మధ్య ఫ్యాషనైంది. పరుగు పరీక్ష ఉన్నవాళ్ళకి నేనది చెప్పను. గట్టిగా పరుగెత్తేటప్పుడు ఒళ్ళు ఎక్కువగా వాడుకునేది దాన్నే. తగ్గించండి, మానేయొద్దు, ఉన్నదాన్ని శిక్షణకి ముందూ తర్వాతా ఉండేలా జరుపుకోండి. కోత పెట్టాల్సింది వేరేచోట. చక్కెర వేసిన డ్రింకులు, మద్యం, వేపుళ్ళు, బేకరీ సరుకు, అన్నిటికన్నా లెక్కకి రాకుండా పోయేది నూనె. ఒక టేబుల్‌స్పూన్ నూనెలో దాదాపు 120 క్యాలరీలు. సీసా వంచి కళ్ళతో కొలిచి పోసేవాళ్ళు ఒక్క వారం పాటు స్పూనుతో కొలిచి పోసి చూడండి, రోజుకి 300 క్యాలరీలు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇట్టే తెలిసిపోతుంది, మిగతా తిండిలో ఒక్క ముద్ద తగ్గించకుండానే. ప్రతిపూటా పళ్ళెంలో సగం కూరగాయలు ఉంటే ఆకలి కూడా ఆగుతుంది. రెండు వారాల పాటు తిన్న ప్రతిదీ రాసుకోండి. జీవితాంతం రాయక్కర్లేదు, ఆ రెండు వారాల్లోనే కళ్ళు తెరుచుకుంటాయి.

మరీ తక్కువ తింటే ఏమవుతుందో చూపించిన పాత పరిశోధన ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో దాన్ని మొదలుపెట్టాడు. ఆయుధం పట్టడానికి మనసొప్పక, దానికి బదులుగా తమ ఒంటిని పరిశోధనకి ఇచ్చినవాళ్ళు వాళ్ళు. ఆకలి రోజుల్లో యూరప్ జనాన్ని ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. 24 వారాల పాటు రోజుకి సుమారు 1,570 క్యాలరీలే ఇచ్చి, వారానికి 22 మైళ్ళు నడిపించారు. బరువు పావు వంతు పోయింది. దాంతో పాటు బలం, ఓపిక పడిపోయాయి, ఒళ్ళు ఎప్పుడూ చలిగా ఉండేది, చిరాకు, దిగులు, పొద్దస్తమానం తిండి ధ్యాసే. ఆ 1,570 క్యాలరీలు ఇప్పుడు మామూలుగా చెప్పే చాలా డైట్ల కన్నా ఎక్కువే. 1,200 క్యాలరీలతో నడుస్తూ రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతానని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది అందుకే.

పరుగు గురించి ఒక లెక్క తెలిస్తే చాలా అపోహలు పోతాయి. కిలోమీటరు పరుగెత్తితే కిలో బరువుకి దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 84 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరుగెత్తితే 420. దాన్ని ఐదు నిమిషాల్లో తిని పూడ్చేయొచ్చు. కాబట్టి బరువు తగ్గించే పని తిండికి అప్పజెప్పండి, పరుగుని టైము తగ్గించుకోవడానికి వాడండి. ఈ రెండు పనులూ పరుగు మీదే వేసి రోజుకి రెండుపూటలా పరుగెత్తేవాళ్ళే ముందు మోకాలో, పిక్క ఎముకో పట్టుకుని కూర్చుంటారు. పరుగులో ఒక్కో అడుగుకి ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది మరి.

ఇప్పటిదాకా పరుగు అలవాటు లేనివాళ్ళు వారానికి మూడు రోజులతో మొదలుపెట్టండి, మధ్యలో ఒక్కో రోజు ఖాళీ. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా అరగంట. మాట్లాడగలిగేంత వేగంలోనే. నెల తిరిగేసరికి అరగంటా ఆగకుండా పరుగెత్తగలిగితే అప్పుడు వేగం సంగతి చూద్దాం. ఖాళీ రోజుల్లో చురుగ్గా నడవండి, గంట నడిచినా మర్నాటి పరుగుకి అడ్డు రాదు, క్యాలరీలూ ఖర్చవుతాయి. వారం వారం దూరం పెంచేటప్పుడు పదో వంతు మించొద్దు. పిక్క ముందువైపు ఎముక పొడుగునా సలుపుతుంటే విశ్రాంతిస్తే తగ్గుతుంది. అలా కాకుండా వేలితో నొక్కితే సరిగ్గా ఒక్కచోటే భరించలేని నొప్పి ఉంటే అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు, దాని మీద పరుగెత్తితే నెలలు పోతాయి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.

అరగంట పరుగు కుదిరాక వారంలో ఒకరోజు ఇంటర్వెల్స్ పెట్టండి, అంటే కాసేపు వేగంగా పరుగు, కాసేపు నడక, మళ్ళీ పరుగు. మీ లక్ష్యం 2.4 కిలోమీటర్లు 12 నిమిషాల్లో అనుకుంటే, 400 మీటర్ల రౌండుకి రెండు నిమిషాలు. ఆ 400 మీటర్లని ఒక నిమిషం 55 సెకన్లలో పరుగెత్తి, నిమిషంన్నర నడిచి, మళ్ళీ పరుగెత్తి, అలా ఆరుసార్లు. మొదటి రౌండు ఉత్సాహంలో నిమిషం నలభైకే ముగించేవాళ్ళు నాలుగో రౌండుకి చేతులెత్తేస్తారు, ఆరు రౌండ్లూ ఒకే టైములో రావడమే ఇక్కడ నేర్చుకోవాల్సింది. పరీక్ష రోజున కూడా జనం మధ్య మొదటి రౌండులోనే ఊపిరంతా ఖర్చుపెట్టేసేవాళ్ళు ఎక్కువ. నెలకోసారి కొలుచుకోవడానికి కూపర్ టెస్ట్ బాగుంటుంది. అమెరికా వైమానిక దళంలో డాక్టరుగా ఉన్న కెన్నెత్ కూపర్ 1968లో ప్రచురించిన పద్ధతి అది, 12 నిమిషాల్లో ఎంత దూరం వెళ్ళగలరో చూడటమే. ఏ పరికరమూ అక్కర్లేదు, ట్రాకూ గడియారమూ చాలు.

పులప్స్ విషయంలో బరువు తగ్గడమే సగం సాయం, ఎందుకంటే అక్కడ ఎత్తాల్సింది మీ ఒంటినే. ఒక్కటి కూడా రానివాళ్ళు కిందికి దిగడం నుంచి మొదలుపెట్టండి. స్టూలు ఎక్కి గడ్డం బార్‌కి పైన ఉండేలా పట్టుకుని, కాళ్ళు వదిలేసి, మనసులో ఐదు లెక్కపెడుతూ మెల్లగా చేతులు పూర్తిగా చాచుకునేదాకా దిగాలి. మూడు లెక్కకే జారిపోతుంటే ఆ సెట్ అయిపోయినట్టే, దిగి విశ్రాంతి తీసుకోండి. ఒక్కో సెట్‌కి ఐదు, మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. పుషప్స్‌కి ఇంకో పద్ధతి: ఒక్క ఊపులో పన్నెండు వస్తాయనుకుంటే ఆరేసి చొప్పున రోజులో నాలుగైదుసార్లు తీయండి, ప్రతిసారీ ఊపిరి ఆగిపోయేదాకా వెళ్ళక్కర్లేదు. వారానికి రెండు రోజులు స్క్వాట్స్ (గుంజీల్లా కూర్చుని లేవడం), ఒక కాలు ముందుకేసి మోకాళ్ళు వంచి లేచే వ్యాయామం, ప్లాంక్ (మోచేతుల మీద ఒళ్ళు తిన్నగా ఆపి ఉంచడం) కలుపుకోండి. తక్కువ తింటున్న రోజుల్లో కండ ఒంటిని అంటిపెట్టుకుని ఉండేది ఈ వ్యాయామాల వల్లే, వీటిని మానేసి పరుగొక్కటే చేసేవాళ్ళకి నేను చెప్పేదల్లా ఇదే.

నిద్రని ఎవరూ డైట్‌లో భాగంగా చూడరు. 2010లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, తక్కువ క్యాలరీలు తింటున్నవాళ్ళని రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోనిచ్చి చూశారు. తగ్గిన బరువు దాదాపు ఒకటే. నిద్ర తక్కువైనప్పుడు మాత్రం పోయినదాంట్లో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయి, కండ వాటా పెరిగింది. పొద్దున నాలుగింటికి లేచి పరుగెత్తాలంటే రాత్రి ఎనిమిదిన్నరకే పడుకోవాలి, ఫోను పక్కన పెట్టి.

ఆడపిల్లలకి ప్రత్యేకంగా ఒక మాట. శిక్షణ మొదలుపెట్టాక నెలసరి ఆగిపోతే, హమ్మయ్య ఒక బెడద తప్పిందనుకోవద్దు. తిండి శిక్షణకి చాలడం లేదని ఒళ్ళు చెప్తున్న మాట అది, అలాగే కొనసాగితే ఎముకలు బలహీనపడి పగుళ్ళు రావచ్చు. డాక్టర్ని కలవండి, ఐరన్ కూడా పరీక్ష చేయించుకోండి. పద్దెనిమిది లోపువాళ్ళు అబ్బాయిలైనా అమ్మాయిలైనా ఇంకా ఎదుగుతున్న వయసు కాబట్టి ఇంట్లోవాళ్ళకి, డాక్టర్‌కి తెలియకుండా పెద్ద కోతలు పెట్టొద్దు.

రెండు నెలలయ్యాక కాటా కదలడం మానేయొచ్చు, చాలామందికి జరిగేదే. ఒళ్ళు చిన్నదైంది కాబట్టి దానికి కావల్సిన శక్తీ తగ్గింది, పైగా తెలియకుండానే మెట్లెక్కడం, అటూ ఇటూ తిరగడం తగ్గించేస్తాం. సగటు మూడు వారాల పాటు కదలకపోతేనే మార్చండి: రోజుకి ఓ 150 క్యాలరీలు తగ్గించండి, లేదంటే ఇంకో అరగంట నడవండి. బాగా అలిసిపోయి ఉంటే అంతకన్నా ముందు ఒక వారం పాటు కోత ఆపి సరిపడా తినండి, పరుగు మళ్ళీ వేగం అందుకుంటుంది.

చివరి రోజుల్లో కిలో రెండు కిలోలు ఎక్కువుందని ఆవిరి గదుల్లో కూర్చోవడం, ప్లాస్టిక్ సూట్ వేసుకుని పరుగెత్తడం, నీళ్ళు మానేయడం, మూత్రం పోయే మాత్రలు వేసుకోవడం, వీటి జోలికి వెళ్ళొద్దు. 1997లో నెల రోజులకి కాస్త అటూ ఇటూగా ముగ్గురు అమెరికా కాలేజీ కుస్తీ క్రీడాకారులు సరిగ్గా ఇలాగే బరువు దించుకుంటూ చనిపోయారు. ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళు. ఒంట్లో నీరు లేకుండా ఎండలో పరుగు పరీక్షకి నిలబడితే వడదెబ్బకి ఎదురెళ్ళినట్టే, మూత్ర పరీక్షలోనూ గుండె వేగంలోనూ తేడా బయటపడుతుంది. కొవ్వు కరిగించే మాత్రలు కూడా అంతే. డీఎన్‌పీ అనే పదార్థాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ ఆయుధ కర్మాగారాల్లో పేలుడు పదార్థాలకి వాడారు, అక్కడి కార్మికులు జ్వరంతో చిక్కిపోయారు, చనిపోయారు కూడా. దాన్నే తర్వాత 1930లలో సన్నబడే మందుగా అమ్మారు. 1938లో అమెరికాలో ఆపినా ఇప్పటికీ ఆన్‌లైన్లో కొని ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళున్నారు. క్రియేటిన్ (వ్యాయామంలో బలం కోసం తీసుకునే పౌడరు) వాడుతున్నవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, అది కండరంలో నీరు నిలిపి ఓ కిలో, రెండు కిలోల దాకా పెంచుతుంది, హద్దు దగ్గర ఉన్నవాళ్ళు నెల ముందే ఆపేస్తే సరిపోతుంది.

నిజానికి పరీక్షకి రెండు వారాల ముందే మీరు హద్దుకి ఒకటిన్నర కిలోలు కింద ఉండాలి. అక్కడి కాటా ఇంటి కాటా ఒకేలా చూపించవు, మధ్యాహ్నం తూచితే పొద్దుటికన్నా కిలో ఎక్కువే ఉంటుంది. ఆ చివరి వారం తిండిలో కోత ఆపేయండి, పరుగు దూరం సగానికి తగ్గించండి, ఒక్కరోజు మాత్రం పరీక్ష వేగంతో రెండు మూడు రౌండ్లు వేసి కాళ్ళకి ఆ వేగం గుర్తుచేయండి. పరీక్షకి ముందు రెండు రోజులూ విశ్రాంతి. కొత్త తిండి, కొత్త బూట్లు ఆ రోజున వద్దు, నెలగా పరుగెత్తిన బూట్లే వేసుకోండి. పరుగుకి రెండు మూడు గంటల ముందు తేలిగ్గా, అలవాటున్నదే తినండి.

సెలెక్ట్ అయ్యాక శిక్షణ కేంద్రానికి వెళ్ళేదాకా దొరికే వారాల్లో మళ్ళీ డైట్ పెట్టొద్దు, అలాగని ఎడాపెడా తినేయొద్దు. రోజుకి ఓ 200 క్యాలరీల చొప్పున వారం వారం పెంచుకుంటూ బరువు ఎక్కడ నిలుస్తుందో చూసుకోండి, పొద్దుటి బరువు రాయడం ఆపొద్దు, పరుగు వారానికి మూడు రోజులు ఉంచండి, అప్పుడు మెల్లగా వీపు మీద ఐదారు కిలోల బ్యాగు వేసుకుని నడవడం అలవాటు చేసుకోండి, అక్కడ మొదటి నెలలోనే బరువు మోస్తూ మైళ్ళకి మైళ్ళు నడిపిస్తారు.